పాపాయమ్మ గట్టు దిగని రోజు

పాలకొల్లుకు కోసెడు దూరంలో కాలవ మీద ఒక లాకు ఉండేది. ఆ లాకుకు యెహెజ్కేలు లస్కరు. నిడదవోలుకు ఇంకా రైలు రాని రోజులవి. మనుషులు, వడ్లు, కలప, కొబ్బరికాయలు, పెళ్లివారు, కోర్టు వ్యాజ్యాలు అన్నీ పడవల మీదే ప్రయాణం చేసేవి.

లాకుకు ఎగువన కాలవ ఎత్తు, దిగువన పల్లం. అటొక జత, ఇటొక జత పెద్ద తలుపులు. పడవ ఆ రెండు జతల నడుమకు వచ్చి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒక మట్టానికి వచ్చేదాకా ఆగి, ఆ తరవాత కదలాలి. సమం అయిందో లేదో చూసి తల ఊపేవాడు లస్కరు. అతను తల ఊపేదాకా వడ్ల పడవ అయినా, జమీందారుగారి పడవ అయినా, కాకినాడనుంచి సరుకు తెచ్చే షావుకారు పడవ అయినా అక్కడ ఉండవలసిందే. గుమాస్తాలు గొణిగేవారు, పడవవాళ్లు విసుక్కునేవారు. యెహెజ్కేలు వాళ్లవైపు చూసేవాడు కాదు, నీళ్లవైపు చూసేవాడు.

"నీళ్లు సమం కావాలండి," అనేవాడు.

అంతకు మించి అతను ఎవరితోనూ వాదించినట్టు దాఖలా లేదు. మహామునులు అడవుల్లో ఆకులు తిని సాధించిన సమదృష్టి ఇతనికి సర్కారు జీతం మీద, ఇత్తడి బిళ్ళతో సహా లభించింది. ఆ బిళ్ళ నడుముకు కట్టుకునే తోలు పట్టీకి ఉండేది. దాన్ని చింతపండుతో తోమడం సువార్తమ్మ పని. సువార్తమ్మ అతని భార్య.

అయితే ఈ అధికారం నీళ్ల మీదే చెల్లేది, నీళ్లను ఆనుకుని ఉన్న గట్టు మీద చెల్లేది కాదు. గట్టు మీద రోడ్డు ఒక్క బండి పట్టేంత. ఒక పక్క కాలవ, రెండో పక్క బురద బోదె. ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు వాలులోకి దిగాలి. ఎవరు ఎవరికి దిగాలన్నది పెద్ద శాస్త్రం. నడిచేవాడు బండికి దిగాలి. ఎడ్లబండి జట్కాకు దిగాలి. జట్కా, కాలవలు చూసే ఇంగ్లీషు దొరగారికీ ఆయన సామానుకూ దిగాలి. కాలవ పక్క పల్లెలోని వాళ్లు, అంటే యెహెజ్కేలు వాళ్లు, అందరికీ దిగాలి. ఇది ఎక్కడా రాసిపెట్టలేదు కనక ఎవరూ మరిచిపోయేవారు కాదు.

దొరగారి సామానుకు కూడా ఇంత మర్యాద రావడానికి కారణం ఉంది. దొరగారు ఒక బంగళానుంచి ఇంకో బంగళాకు మకాం మార్చేటప్పుడు ముందు బిళ్ళ కట్టిన లస్కరు, వెనక పెట్టెలు మోసే మనుషులు నడిచేవారు. ఒకసారి ఆయన గాజు దీపాల పెట్టెకు దారి ఇవ్వని బండివాడొకడు, ఆ తరవాత చాలాకాలం సర్కారు రాళ్లు ఉచితంగా తోలాడని చెప్పుకునేవారు. అప్పటినుంచి ముందొక బిళ్ళ, వెనకొక పెట్టె కనబడితే చాలు, బండ్లు వాటంతట అవే బోదెవైపు ఒరిగేవి. ఎడ్లకు కూడా అలవాటయిపోయింది.

పాపాయమ్మ యెహెజ్కేలుకు మేనత్త. అతని తల్లీ తండ్రీ ఒకే గత్తర జబ్బులో పోతే తెచ్చి పెంచింది. ఆమెకు పిల్లలు లేరు. మొగుడు చిట్టియ్య, ఒక గేదె, ఈ మేనల్లుడు, ఇంతే సంసారం. కాలవ తవ్వుతున్న రోజుల్లో ఆమె పడుచుపిల్ల. తట్టతో మట్టి మోసి ఆ గట్టు పోసినవాళ్లలో ఆమె ఒకతె. గట్టు పూర్తయింది. దానిమీద మొదటి బండి వచ్చింది. పాపాయమ్మ దిగింది. అప్పటినుంచి దిగుతూనే ఉంది. ఊడ్పులకు పోతూ దిగింది, కోతలనుంచి వస్తూ దిగింది, నెత్తిన గడ్డిమోపుతో దిగింది, జ్వరంతో దిగింది. బోదెలో పిక్కల లోతు బురదలో నిలబడి, పైన బండి వెళ్లిపోయేదాకా చూస్తూ, పక్కనున్న మేనల్లుడితో అనేది:

"చూడరా, నా నెత్తిమీంచి దింపిన మట్టి నన్ను దింపుతోంది."

నవ్వుతూనే అనేది. ఆ నవ్వు చిట్టియ్య పోయినరోజుతో ఆగిపోయింది.

చిట్టియ్య పోయేనాటికి వాళ్లింకా కిరస్తానీ మతం పుచ్చుకోలేదు. డప్పులు, పాడె, పేలాలు, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. చెవిటివాడైనా కళ్లతో చూసి, గుడ్డివాడైనా చెవులతో విని, అది శవమేనని పోల్చుకోగలడు. గట్టు మీద సగం దూరం పోయేసరికి ఎదురుగా జట్కా వచ్చింది. తోలేవాడి పేరు వీరవెంకటసత్యనారాయణ. ఆ పేరు మొత్తం పిలిచి ఆగమనేలోపు బండి దాటిపోతుంది కాబట్టి ఎవరూ అతన్ని ఆపలేకపోయేవారని ప్రతీతి.

"శవం వస్తోందండి, కాస్త ఆపండి బాబూ," అన్నారు పాడె మోసేవాళ్లు.

"పోయినోడికి తొందరేముందిరా? నాకు పడవకందాల్సిన బేరముంది. దిగండి, దిగండి," అని సత్యనారాయణ చర్నాకోల జాడించాడు.

దిగారు. వాలు జారుడుగా ఉంది. మోసేవాళ్లలో ఒకడి కాలు జారింది, పాడె ఒరిగింది, చిట్టియ్య బోదెలో పడ్డాడు. జట్కా దాటాక సత్యనారాయణ వెనక్కి తిరిగి చూశాడు.

"మీకంటే మీవాడికే మర్యాద తెలుసు. ముందు తనే దిగాడు," అన్నాడు.

పాపాయమ్మ ఏడవలేదు. బోదెలోకి దిగి, మొగుడి మొహం మీద బురద కొంగుతో తుడిచింది. ముక్కులోంచి, చెవిలోంచి, కనుబొమల్లోంచి, ఓపిగ్గా తుడిచింది. డప్పులవాళ్లు వాయించాలో మానాలో తెలియక నిలబడ్డారు.

ఇది జరిగిన చాలా ఏళ్లకు, వాళ్లు మతం పుచ్చుకుని, యెహెజ్కేలుకు లాకు పని దొరికి, పెళ్లయి, గేదె చచ్చిపోయి, ఇంకో గేదె వచ్చాక, పాపాయమ్మ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం మేనల్లుణ్ణి పిలిచింది.

"ఒరేయ్, నేను పోయేనాడు నన్ను గట్టు దింపకు."

"ఊరుకో అత్తా, ఇప్పుడా మాటలేంటి."

"ఇప్పుడు కాకపోతే పోయాక చెప్పనా? బతికినన్నాళ్లూ దిగాను. ఆ ఒక్కనాడు దిగను. ఎవడి బండి వచ్చినా సరే. లాకు దగ్గర పడవల్ని ఆపుతావే, అలాగే ఆపు."

"పడవలకైతే తలుపులున్నాయత్తా. గట్టుకి తలుపులేవి?"

"అది నువ్వు చూసుకో. సర్కారు కొలువు చేసేవాడివి."

యెహెజ్కేలు సరేనన్నాడు. మంచంలో ఉన్నవాళ్లతో ఎవరైనా సరేననే అంటారు. కాని చాలామంది ఆ మాటని మంచం పక్కనే వదిలేసి వస్తారు. ఇతను వెంట తెచ్చుకున్నాడు. ఆనాటినుంచి అతనికి స్థిమితం పోయింది. తలుపులు లేనిచోట ఆపడమెలా?

ముందు బుల్లబ్బాయిని అడిగాడు. బుల్లబ్బాయి వడ్ల బండ్లవాడు, నిదానస్థుడు, ఎడ్లను కూడా మీరు అని పిలిచే రకం.

"బుల్లబ్బాయి గారూ, దారిలో శవం ఎదురైతే మీరు బండి ఆపుతారాండి?"

"శవం ఎదురైతే మంచి శకునమయ్యా. పనవుతుంది."

"అది కాదండి. ఆపుతారా అని."

బుల్లబ్బాయి చాలాసేపు ఆలోచించాడు. "ఆపితే ఎదురెలా అవుతుంది? అది రావాలి, మనం పోవాలి, అప్పుడు గదా ఎదురు. మనం ఆగిపోయి అదొక్కటే వస్తే శకునం చెల్లుతుందో లేదో. పంతులుగారిని అడగాలి."

పంతులుగారిని అడిగాడో లేదో తెలియదు. యెహెజ్కేలు మాత్రం రాజరత్నంగారి దగ్గరికి వెళ్లాడు. రాజరత్నంగారు పల్లెలో ప్రార్థనలు జరిపే ఉపదేశి. రాజమండ్రిలో చదువుకున్నవారు. నల్లకోటు, గొడుగు, పాదిరీగారు స్వదేశం పోతూ ఇచ్చిన, దొరలు పెట్టుకునే తెల్ల సోలా టోపీ ఆయన ఆస్తి. ప్రార్థనలోనూ నిద్రలోనూ తప్ప ఆ టోపీ తీసేవారు కారు.

"అయ్యగారూ, మా అత్తకి డప్పులు పెట్టుకోవచ్చాండి?"

"డప్పులు అన్యాచారం. కీర్తనలు పాడుకుంటూ వెళ్దాం."

"కీర్తన వింటే బండ్లవాళ్లకి శవమని తెలుస్తుందాండి?"

"తెలియకపోతే తెలుసుకుంటారు."

"వాళ్లు తెలుసుకునేసరికి అత్త బోదెలో ఉంటదండి."

రాజరత్నంగారు ఈ ప్రశ్నకు బైబిలు వాక్యంలో జవాబు వెతికి చెబుతానన్నారు. వెతుకుతూనే ఉన్నారు.

ఇక పెట్టె సంగతి. మతం పుచ్చుకున్నవాళ్లను పాడె మీద కాక పెట్టెలో పెట్టి తీసుకుపోవడం అప్పుడప్పుడే మొదలైంది. పల్లెలో వడ్రంగం తెలిసినవాడు లాజరు ఒక్కడే. అతను నాగళ్లూ తలుపులూ చేసేవాడు కాని పెట్టె ఎన్నడూ చెయ్యలేదు. చివరికి "పెట్టంటే ఆరు తలుపులే గదా, గడియలుండవు, అంతే తేడా," అని ధైర్యం తెచ్చుకున్నాడు. చెక్క కూడా తలుపుదే దొరికింది. లాకుకు కొత్త తలుపులు వేసినప్పుడు పాతవి ఓవర్సీరుగారు లస్కరుకు వదిలేశారు. వాటిమీద తెల్లరంగుతో, జానెడు ఎత్తున, మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. అవి కాలవల శాఖవారి గుర్తు. గీకేస్తే చెక్క పలచబడుతుందని లాజరు వాటి జోలికి పోలేదు. అదీకాక అవి లేకపోతే పెట్టె బోసిగా ఉంటుందని అతని అభిప్రాయం. పెట్టెకు కుడి పక్కన మూడూ చక్కగా వచ్చేలా అమర్చాడు.

పెట్టె తెచ్చి మంచం పక్కన పెడితే పాపాయమ్మ వేళ్లతో తట్టి చూసింది.

"గట్టిదే. నీళ్లలో నానిన చెక్క." తరవాత అక్షరాలు తడిమింది. "ఈ రాతలేంటిరా?"

"సర్కారు రాతలత్తా. గీకించమంటావా?"

"వద్దు. ఉండనీ." కాసేపు కళ్లు మూసుకుంది. "ఆనాడు నువ్వు బిళ్ళ కట్టుకునిరా. ముందు నువ్వే నడవాలి."

ముసలమ్మకు తన మేనల్లుడి కొలువు చూసి మురిపెం అనుకున్నాడు యెహెజ్కేలు.

పుష్యమాసంలో, వడ్ల బండ్లు గట్టుమీద బారులు తీరే రోజుల్లో, తెల్లవారే వేళకు పాపాయమ్మ పోయింది.

"ఆషాఢంలో పోయుంటే గట్టు ఖాళీగా ఉండేది," అంది సువార్తమ్మ. ఏడుస్తూనే అంది.

యెహెజ్కేలు ఏడవలేదు. లాకు దగ్గర ఒక పడవ కాచుకుని ఉందని గుర్తొచ్చి, దాన్ని పంపించి వద్దామని వెళ్లాడు. నీళ్లు ఇంకా సగం కూడా రాలేదు. అతను వాటివైపు చూసి తల ఊపాడు. పడవవాళ్లు కంగారుపడి, "ఇంకా సమం కాలేదయ్యా, ఏంటిది," అన్నారు. అతను మళ్లీ నీళ్లవైపు చూశాడు. చూస్తున్నాడు గాని కనబడలేదు. అప్పుడు ఏడ్చాడు. పడవలోని షావుకారు గుమాస్తా ఆ ఒక్కరోజు గొణగలేదు.

మధ్యాహ్నానికి ముందే బయలుదేరారు. సమాధుల దొడ్డి గట్టు చివర, పాలకొల్లు వైపు. ముందు యెహెజ్కేలు, ఉతికిన పంచె, నడుముకు బిళ్ళ. సువార్తమ్మ ఆ దుఃఖంలో కూడా దాన్ని తోమింది. అలవాటు. అతని వెనక నలుగురి భుజాల మీద పెట్టె. పెట్టె వెనక నల్లకోటూ, సోలా టోపీ, గొడుగూ వేసుకుని రాజరత్నంగారు. ఆ వెనక తెల్లచీరల్లో ఆడవాళ్లు.

కీర్తన పల్లెలోనే ఎత్తుకున్నారు. రాజరత్నంగారు గంభీరంగా ఉండాలని మరీ పై శ్రుతిలో ఎత్తారు. మొదటి చరణానికి ఆడవాళ్లు వదిలేశారు, రెండో చరణానికి పెట్టె మోసేవాళ్లకు ఊపిరి చాలలేదు, మూడో చరణంలో ఆయనే దగ్గి ఊరుకున్నారు. అందుచేత గట్టెక్కేసరికి ఊరేగింపు నిశ్శబ్దంగా ఉంది. చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఎదురుగా వడ్ల బండ్ల బారు వస్తోంది. అందరికన్నా ముందు బుల్లబ్బాయి బండి.

ఏం చేస్తాడో యెహెజ్కేలుకే తెలియదు. ఎడ్ల కాళ్ల ముందు పడుకోవడం ఒక ఉపాయంగా తోచింది. పడుకుంటే పంచె మాసిపోతుందని కూడా తోచింది. ఆ సమయంలో అలాంటివే తోస్తాయి. ఏమైతే అయిందని, రోడ్డు నడిమధ్యన, లాకు గోడ మీద నిలబడినట్టు నిలబడి, చెయ్యెత్తాడు.

బండ్లు ఆగాయి.

ఆగడమే కాదు, ఒక్కొక్కటే బోదెవైపు ఒరిగాయి. ఎడ్లు తమంతట తామే వాలులోకి కాళ్లు పెట్టాయి. బుల్లబ్బాయి నొగ మీదనుంచి దిగి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతన్ని చూసి వెనకవాళ్లూ దిగారు, వాళ్లూ తలగుడ్డలు తీశారు. బారు పొడుగునా నల్లని తలలు వంగి ఉన్నాయి.

యెహెజ్కేలు వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ లేరు. తమ పెట్టె, తమవాళ్లు, అంతే. అతనికి ఏమీ అర్థం కాలేదు. ఇన్నేళ్లూ వీళ్లని తను తప్పుగా అనుకున్నాడా? చిట్టియ్య మామ నాటినుంచి ఈనాటికి లోకం మారిందా? మారితే ఎప్పుడు మారింది, తను లాకు దగ్గర నీళ్లు చూసుకుంటూ ఉన్నప్పుడా?

"చూశావా, అత్త పుణ్యం," అంది వెనకనుంచి సువార్తమ్మ.

రాజరత్నంగారు ఇది ప్రభువు కార్యమని గ్రహించి, బండ్లవాళ్లను దీవిస్తూ కుడిచెయ్యి ఎత్తారు. వాళ్లు ఇంకా వంగారు. దగ్గరికి వచ్చాక టోపీ కింద మొహం మనవాడిదేనని తెలియకపోదు. కాని టోపీకి సలాం చేసే అలవాటున్నవాడు మొహందాకా చూడడు.

బండ్ల బారు సగం దాటేసరికి ఆ చివరినుంచి గజ్జెల చప్పుడు వినిపించింది. జట్కా. తోలేవాడు అదే సత్యనారాయణ. మీసం నెరిసింది, పొట్ట పెరిగింది, పేరు మాత్రం అంతే పొడుగు. ఆగి ఉన్న బండ్లను చూసి, ముందు నడుస్తున్న బిళ్ళను చూసి, వెనక టోపీని చూసి, కళ్లెం బిగపట్టాడు. జట్కాను వాలుకు ఒరగేసి, కిందికి దూకి, గుర్రం మూతి పట్టుకుని నిలబడ్డాడు. పెట్టె దగ్గరికి రాగానే నడుం వంచి సలాం చేశాడు. తరవాత యెహెజ్కేలు వైపు ఒరిగి, మెల్లిగా, గౌరవంగా అడిగాడు:

"లస్కరు గారూ, దొరగారు ఈసారి ఏ బంగళాలో దిగుతున్నారండి? అంత నెమ్మదిగా మోస్తున్నారు, గాజు సామానాండి?"

యెహెజ్కేలు నిలబడిపోయాడు. అతను నిలబడితే పెట్టె నిలబడింది. పెట్టె నిలబడితే అందరూ నిలబడ్డారు.

అతను తన నడుముకున్న బిళ్ళ వైపు చూసుకున్నాడు. పెట్టె పక్కన మూడక్షరాల వైపు చూశాడు. రాజరత్నంగారి టోపీ వైపు చూశాడు. బండ్లు ఎందుకు ఆగాయో, తలగుడ్డలు ఎందుకు దిగాయో అప్పుడు తెలిసింది. తెలిశాక ముందుకన్నా ఎక్కువ అయోమయంగా ఉంది.

"అవునను. అవునని నడువు," అని ముందుకొచ్చి గొణిగింది సువార్తమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

అవునంటే పాపాయమ్మ గట్టు దిగకుండా దాటిపోతుంది, మాట నిలబడుతుంది. కాని దాటిపోయేది పాపాయమ్మ కాదు, దొరగారి దీపాలు. కాదంటే ఆమె పాపాయమ్మ అవుతుంది. పాపాయమ్మ అయితే దిగాలి. తను ఏమని మాటిచ్చాడు? దింపనన్నాడా, ఆపుతానన్నాడా? ఎవరికోసం ఆగాలో అత్త చెప్పలేదు. చెప్పనక్కర్లేదనుకుంది కాబోలు. అతని చెవుల్లో నీళ్లు తూముల్లోంచి దూకుతున్న హోరు. మట్టం ఎక్కడుందో కనబడటం లేదు.

"గాజు సామాను కాదండి," అన్నాడు యెహెజ్కేలు చివరికి. గొంతు పైకెత్తలేదు. "మా అత్తండి, పాపాయమ్మ. తమరి జట్కాకి దారివ్వబోయి ఒకసారి మా మామని బోదెలో పడేసుకున్నామండి. ఆయన పెళ్లామండి."

సత్యనారాయణ నోరు తెరిచాడు. 'ఏరా' అందామనుకున్నాడు, ఎదురుగా బిళ్ళ ఉంది. 'లస్కరు గారూ' అందామనుకున్నాడు, పెట్టెలో పల్లె ముసల్ది ఉంది. ఏమని పిలవాలో తేలక పిలవడమే మానేశాడు. పిలుపు లేకుండా తిట్టడం ఎలాగో అతనికి తెలియదు.

అంతలో వెనకనుంచి, వింత చూద్దామని పెట్టె వెంట నడిచి వచ్చిన బుల్లబ్బాయి నవ్వు వినబడింది. అప్పటికే అతను తలగుడ్డ మళ్లీ చుట్టేసుకున్నాడు.

"ఏమయ్యా సత్యనారాయణా, దొరగారి దీపాలనుకుని సలాం కొట్టావా?"

"నువ్వు తలగుడ్డ తియ్యలా?"

"నాకు చెమట పట్టింది, తీశాను. నీలాగ నడుం వంచానా?"

"వంచితే? గుర్రం కాలికి ముల్లు గుచ్చుకుందేమోనని చూశాను."

"ముల్లు నీ గుర్రానికా, లస్కరు గారి పెట్టెకా? అటు తిరిగి వంగావు గదా."

బండ్లవాళ్లంతా నవ్వారు. సత్యనారాయణ మొహం ఎర్రబడింది. ఇప్పుడు చటుక్కున జట్కా ఎక్కి కదిలితే, దీపాలకోసమే దిగాడని ఒప్పుకున్నట్టు. పాలకొల్లు జట్కాల అడ్డాలో ఇక తలెత్తుకోలేడు. ఎక్కకుండా నిలబడితే, పల్లెవాళ్ల శవానికి దిగి నిలబడ్డట్టు. అదీ ఎన్నడూ ఎరగని సంగతే. రెండిట్లో చిన్న అవమానం ఏదో తేలడం లేదు. ఎక్కుదామని ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. గుర్రం ఒక అడుగు వేసి, యజమాని రాలేదని ఆగింది.

యెహెజ్కేలుకు ఆ మొహం తెలుసు. తలుపులు తెరుచుకుంటాయో లేదో, ముందుకు పోవాలో వెనక్కి పోవాలో తెలియక లాకు మధ్యలో ఉన్నవాడి మొహం అలాగే ఉంటుంది. అలాంటప్పుడు వాళ్లతో మాట్లాడకూడదు.

"నడవండి," అన్నాడు పెట్టె మోసేవాళ్లతో.

పెట్టె కదిలింది. జట్కా పక్కనుంచి, గట్టు మీదనే, ఒక్క అడుగు కూడా వాలుకు తగలకుండా సాగింది. ఏ అవమానం మేలో సత్యనారాయణ నిర్ణయించుకునేలోపు పాపాయమ్మ దాటిపోయింది. ఆ తరవాతి బండ్లనూ దాటింది. కింద నిలబడినవాళ్లలో ఒకడు ఎడ్లను పైకి తోలబోయాడు. బుల్లబ్బాయి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండవయ్యా, పోనీ. ఎదురొచ్చింది గదా."

అని తన తలగుడ్డ మళ్లీ తీశాడు. చల్లగాలి వేస్తోంది, ఆ సమయంలో ఎవరికీ చెమట పట్టే అవకాశం లేదు.

సమాధుల దొడ్డిలో రాజరత్నంగారు చక్కని ప్రసంగం చేశారు. కీర్తన ఆగిపోయినా ప్రభువు కఠినహృదయులైన శకట చోదకుల మనసులు మెత్తబరిచాడని, ఇది ఈ సంఘానికి సూచన అని చెప్పారు. వెనకున్న బండ్లను ఇంకా దీవిస్తూ ఉండటంవల్ల ఆయన జట్కా దగ్గర మాటలు వినలేదు. ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఆ టోపీని ఆయన బతికినన్నాళ్లూ పెట్టుకున్నారు.

సాయంత్రం యెహెజ్కేలు గుమ్మంలో కూర్చుని, బిళ్ళ పట్టీ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మాట నిలబెట్టినట్టేనంటావా?" అని అడిగాడు.

"దింపొద్దంది, దింపలేదు. ఇంకేంటి?" అంది సువార్తమ్మ.

"ఆగింది ఎవరికి?"

"ముందు దొరకి. ఆఖర్ని అత్తకి. మధ్యలో ఎవరికో వాళ్లకే తెలీదు. నీకెందుకు?"

"గీకించమంటావా అంటే వద్దంది," అన్నాడు.

"ఏంటి?"

"రాతలు. గీకించొద్దు, ఉండనీ అంది. బిళ్ళ కట్టుకునిరా అంది. ముందు నువ్వే నడవాలంది." బిళ్ళను తిప్పి తిప్పి చూశాడు. "దొరగారి సామానుకి దిగీ దిగీ ఆ పెట్టెలు ఎలా వెళతాయో అందరికన్నా అత్తకే బాగా తెలుసు గదా. ఇదంతా అనుకునే చెప్పిందా, లేకపోతే ఊరికే అందా?"

సువార్తమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"అడగాల్సింది, ఉన్నప్పుడే," అంది.

ఆ రోజునుంచి సత్యనారాయణకు ఒక జబ్బు పట్టుకుంది. గట్టు మీద నలుగురు మోసే పెట్టె ఏది కనబడినా బండి ఆపేసేవాడు. పెట్టెలో దొరగారి దీపాలున్నాయో, పల్లెవాళ్ల అత్త ఉందో పైకి తెలియదు. దీపాలనుకుని సలాం చేస్తే నవ్వుతారు. అత్త అనుకుని ముందుకు తోలితే, నిజంగా దీపాలే అయితే రాళ్లు తోలాలి. అన్నిటికన్నా దిగి ఊరికే నిలబడటమే క్షేమమని తేల్చుకున్నాడు. కోళ్ల గంపలకూ, పెళ్లివారి భోషాణాలకూ కూడా అలా నిలబడ్డాడని బుల్లబ్బాయి సంతలో చెప్పేవాడు. అతన్ని చూసి కుర్ర జట్కావాళ్లు కూడా, కారణం తెలియక, పెద్దవాడు దిగాడు కాబోలని దిగడం మొదలుపెట్టారు. గట్టు శాస్త్రంలో ఇది కొత్త సూత్రం. దీన్ని కూడా ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు.

కొన్నాళ్లకు పల్లె ప్రార్థనాలయానికి కాకినాడనుంచి పడవలో హార్మోనియం వచ్చింది. పెద్ద చెక్క పెట్టెలో వచ్చింది. లాకు దగ్గర దింపి, నలుగురు భుజాలకెత్తుకుని గట్టు మీద బయలుదేరారు. ఎదురుగా వస్తున్న సత్యనారాయణ జట్కా ఆగింది. అతను కిందికి దిగి, తలగుడ్డ తీసి, గుర్రం మూతి పట్టుకుని నిలబడ్డాడు. లాకు గోడ మీదున్న యెహెజ్కేలు వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"ఎవరండి?"

"ఎవరూ పోలేదండి. హార్మోనియం."

సత్యనారాయణ పెట్టె వైపు చూశాడు, జట్కా వైపు చూశాడు. చేతిలో తలగుడ్డ ఉంది.

"దిగాను గదండి," అన్నాడు చివరికి. "పోనివ్వండి."

యెహెజ్కేలు అతనివైపు నీళ్లను చూసినట్టు చూశాడు. సమం అయిందో లేదో ఎంతసేపు చూసినా తెలియలేదు. అయినా తల ఊపాడు.